మొదటి గుక్కకి మార్కులు వెయ్యొద్దు: ఫ్రూటెడ్ సవర్ బీరు రుచి చూడటం గురించి

ఫ్రూటెడ్ సవర్ అంటే పండ్లు వేసి చేసే పుల్లటి బీరు. దాని గురించి ఎవరు మాట్లాడినా ఎక్కువగా రెండు మాటలు వినిపిస్తాయి. "అబ్బ, ఎంత పులుపో!" అన్నది ఒకటి. "అచ్చం పండ్ల రసంలా ఉంది" అన్నది రెండోది. రెండూ మెచ్చుకుంటూనే అంటారు. కానీ ఆ రెండు మాటల వల్ల బీరు గురించి మనకి తెలిసేది చాలా తక్కువ. పులుపు ఎక్కించడం ఇవాళ ఏ బ్రూవరీకీ కష్టం కాదు. పండ్ల రసంలా అనిపించడానికి కాస్త తీపి మిగిలిస్తే చాలు. కష్టమైన పని వేరే ఉంది. పండులోని చక్కెర పులిసిపోయాక కూడా పండు వాసన నిలబడాలి, దాని కింద ధాన్యం రుచి తెలుస్తూ ఉండాలి, పులుపు ఆ రెండింటినీ మింగెయ్యకూడదు. ఇవి ఉన్నాయో లేదో మొదటి గుక్కలో తేలదు. గ్లాసు సగమయ్యాక, చల్లదనం తగ్గాక, బుడగలు నెమ్మదించాక తేలుతుంది. రుచి చూసే పద్ధతిని దీన్నిబట్టే అమర్చుకోవాలని నా వాదన.

పులుపు ఎలా పుట్టిందో తెలిస్తే నాలుకకి సగం పని తగ్గుతుంది. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. మామూలు బీరు పీహెచ్ 4.0 నుంచి 4.5 మధ్య ఉంటే, సవర్ బీర్లు ఎక్కువగా 3.0 నుంచి 3.6 మధ్య ఉంటాయి. డబ్బాల్లో వచ్చే ఫ్రూటెడ్ సవర్లలో చాలావరకు కెటిల్ సవర్లే, అంటే మరిగించే పాత్రలోనే పులుపెక్కించినవి. మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం (మాల్టు) నుంచి తీసిన తియ్యటి రసమైన వర్ట్‌ని కాసేపు మరిగిస్తారు. దాన్ని 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్‌కి చల్లార్చి, కొద్దిగా లాక్టిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ని 4.5 దగ్గరికి దించి, లాక్టోబాసిల్లస్ బాక్టీరియా వేస్తారు. గాలి తగలకుండా ఒకటి రెండు రోజులు ఉంచితే పీహెచ్ 3.3 చుట్టుపక్కలకి దిగుతుంది. అప్పుడు మళ్లీ మరిగించి బాక్టీరియాని చంపేసి, మామూలు ఈస్టు వేస్తారు. పండు గుజ్జు ఆ తర్వాత చేరుతుంది. ఈ దారిలో వచ్చే పులుపు శుభ్రంగా, ఒకే గీతలో ఉంటుంది. అందులో లాక్టిక్ ఆమ్లం తప్ప చెప్పుకోదగ్గది ఇంకేమీ ఉండదు. ముందే పీహెచ్ దించే అడుగుని బద్ధకించి వదిలేస్తే రెండు నష్టాలు జరుగుతాయి. అక్కర్లేని బాక్టీరియా దూరి వాంతి వాసన పుట్టించే బ్యూటిరిక్ ఆమ్లం చేస్తుంది. నురగని నిలబెట్టే ప్రోటీన్లు కూడా విరిగిపోతాయి.

రెండో దారి మిశ్రమ పులియబెట్టడం. ఇందులో మామూలు ఈస్టు, లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అనే ఇంకో బాక్టీరియా, బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు అన్నీ కలిసి నెలలూ ఏళ్లూ పనిచేస్తాయి. బ్రెటనోమైసిస్‌కి ఆ పేరు పెట్టింది 1904లో కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన క్లాసెన్.  బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల తయారయ్యే లాంబిక్ అనే బీరు ఈ రెండో దారికి పెద్ద దిక్కు. పుల్ల చెర్రీలు నానబెడితే క్రీక్, రాస్‌ప్‌బెర్రీలు నానబెడితే ఫ్రాంబోయాజ్. 1900లో మొదలైన కాంతియోన్ బ్రూవరీ లీటరు లాంబిక్‌కి దాదాపు 200 గ్రాముల పండు వేస్తుంది. ఈ రకం బీర్లలో పులుపుతో పాటు పాత చెక్క, పచ్చి గడ్డి, తోలు లాంటి వాసనలు ఉంటాయి. కెటిల్ సవర్‌లో వాటికోసం వెతకడం, క్రీక్‌లో చెర్రీ జ్యూస్ కోసం వెతకడం, రెండూ తప్పే. చేతిలో ఉన్నది ఏ దారిలో వచ్చిందో లేబుల్ చూసి తెలుసుకున్నాకే మూత తియ్యాలి.

ఇక పండు సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక లీటరు 5 శాతం బీరులో 200 గ్రాముల గుజ్జు వేశామనుకోండి. అందులో 12 శాతం చక్కెర ఉంటే 24 గ్రాములు అవుతుంది. ఈస్టు దాన్ని దాదాపు పూర్తిగా తినేసి 12 గ్రాముల పైచిలుకు ఆల్కహాల్ చేస్తుంది. కానీ అదే గుజ్జుతో 170 మిల్లీలీటర్ల నీళ్లు కూడా వచ్చి కలిశాయి. లెక్క కడితే చివరికి బీరు 5.5 శాతం దగ్గర ఆగుతుంది. అంటే మత్తు పెద్దగా పెరగలేదు, తీపి పోయింది, బీరు పలచబడింది, పండు ఆమ్లం మాత్రం అలాగే ఉంది. మనం పండు తినేటప్పుడు తీపి, పులుపు, వాసన మూడూ కలిసి వస్తాయి. వాటిలోంచి తీపిని తీసేస్తే మెదడు ఆ పండుని వెంటనే గుర్తుపట్టదు. అందుకే పూర్తిగా పులిసిన మామిడి సవర్‌లో చాలామందికి మామిడి అందదు. అందేది తొక్క దగ్గరి ఘాటు, పచ్చి జీడి లాంటి ఒక జిగురు వాసన. అది లోపం కాదు, చక్కెర పోయాక మిగిలిన మామిడి అలాగే ఉంటుంది. స్ట్రాబెర్రీ అయితే వాసన కూడా పెద్దగా మిగలదు, రంగు వెలిసిపోతుంది. బ్లూబెర్రీ రంగు ఇచ్చినంతగా రుచి ఇవ్వదు. రాస్‌ప్‌బెర్రీ మొండిది, లీటరుకి 100 గ్రాములున్నా గట్టిగా పలుకుతుంది. ప్యాషన్ ఫ్రూట్ ఇంకా గడుసుది, లీటరుకి 50 గ్రాములతోనే బీరు మొత్తాన్ని ఆక్రమించగలదు. లేబుల్ మీద "ఇంత పండు వేశాం" అన్న అంకె చూసి మురిసిపోవడం వల్ల ఉపయోగం లేదు. ఏ పండుకి ఎంత అన్నదే లెక్క.

డబ్బాని తాగబోయే ముందురోజే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. గుజ్జు అడుగుకి చేరుతుంది. ఊపొద్దు, గుజ్జు రేణువుల చుట్టూ గ్యాస్ ఒక్కసారిగా విడుదలై సగం బీరు నేలపాలవుతుంది. గుజ్జు ఎక్కువున్న రకమైతే, తెరిచే ముందు బల్ల మీద పక్కకి పడుకోబెట్టి ఒకటి రెండుసార్లు మెల్లగా దొర్లిస్తే సరిపోతుంది. గ్లాసు తులిప్ ఆకారంలో, లోపలికి ముడుచుకున్న అంచుతో ఉండాలి. డిటర్జెంట్ జిగట, నూనె చేతుల మరకలు లేకుండా కడిగి, పొయ్యబోయే ముందు చన్నీళ్లతో ఒకసారి తొలపాలి. 100 మిల్లీలీటర్లు చాలు. గ్లాసులో మూడోవంతు మించితే వాసన పోగవడానికి చోటుండదు. కెటిల్ సవర్‌ని 5 నుంచి 7 డిగ్రీల దగ్గర, మిశ్రమంగా పులిసిన వాటిని 9 నుంచి 12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే పులుపు, బుడగ తప్ప ఏమీ తెలియవు. లోపాలు కూడా తెలియవు. అందుకే నాసిరకం బీరుని గడ్డకట్టేంత చల్లగా ఇస్తే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

కంటితో చూసేటప్పుడు నురగ మీద తీర్పు చెప్పకండి. సవర్లలో నురగ త్వరగా కూలిపోవడం మామూలే. రంగు మాత్రం నిజం చెబుతుంది. ఎర్ర పండ్లలోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఆమ్లంలో మరింత ఎర్రగా మెరుస్తాయి కాబట్టి, తాజా రాస్‌ప్‌బెర్రీ సవర్ కళ్లకి కొట్టొచ్చినట్టు ఉండాలి. అది ఇటుక రంగుకో గోధుమ రంగుకో తిరిగిందంటే గాలి తగిలింది లేదా పాతబడింది. వాసనలో ముడి పండు బదులు ఉడికిన జామ్ వస్తే అనుమానం ఖాయమవుతుంది. మబ్బుగా ఉండటం పెక్టిన్ వల్లా గుజ్జు వల్లా వచ్చేది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గ్లాసు పక్కకి వంచి చూసినప్పుడు బీరు తీగలు సాగుతుంటే మాత్రం ఆగాలి. పీడియోకాకస్ జిగురు చేసే దశ అది. బ్రెటనోమైసిస్ ఉంటే కొన్ని నెలల్లో తనే సరిచేస్తుంది. అంటే ఆ సీసా తొందరపడి బయటికొచ్చిందన్నమాట.

వాసన రెండుసార్లు చూడాలి. పోసిన వెంటనే ఒకసారి, గ్లాసుని అరచేతిలో పట్టుకుని రెండు నిమిషాలు తిప్పాక ఇంకోసారి. ఈ రెండింటికీ మధ్య ఏం మారిందన్నదే ముఖ్యం. సారం చుక్కలతో పండు వాసన తెప్పించిన బీరు మొదటిసారి గుప్పుమంటుంది, రెండోసారికి అదే స్వరం కాస్త తగ్గి వినిపిస్తుంది, కొత్తదేమీ రాదు. అసలు పండు అలా ఉండదు. చెర్రీలో మొదట ఎర్ర పండు వస్తుంది, తర్వాత టెంకలోంచి వచ్చే బాదం వాసన తేలుతుంది. ఆ బాదం వాసనకి కారణం బెంజాల్డిహైడ్. అదొక్కటే ముక్కుని నింపేస్తే దగ్గు మందు గుర్తొస్తుంది, అక్కడ పండు తక్కువ, చుక్కలు ఎక్కువ. రాస్‌ప్‌బెర్రీలో గింజల వల్ల ఒక చెక్క వాసన రావాలి. జామ, ప్యాషన్ ఫ్రూట్ వాసనలకి మూలమైన గంధకపు సమ్మేళనాలు తగు పాళ్లలో ఉంటే పండు, మోతాదు దాటితే పిల్లి మూత్రం. రెండింటికీ మధ్య గీత సన్నది.

ఇప్పుడు నోటి సంగతి. మొదటి గుక్క నోటిని సిద్ధం చెయ్యడానికే. అంతవరకూ తటస్థంగా ఉన్న నోట్లోకి 3.3 పీహెచ్ ద్రవం వచ్చి పడితే లాలాజలం ఊరుతుంది, దవడల దగ్గర జివ్వుమంటుంది, పులుపు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఆ గుక్కతో "మరీ పులుపు" అనో "భలే పులుపు" అనో రాసేస్తే రాసింది బీరు గురించి కాదు, మన లాలాజలం గురించి. అర నిమిషం ఆగి రెండో గుక్క తీసుకోండి. మూడో గుక్కకి మామూలు స్థితి వస్తుంది. అప్పుడు ముక్కుని రెండు వేళ్లతో గట్టిగా మూసి, 15 మిల్లీలీటర్లు నోట్లోకి తీసుకుని, నాలుక మీద అయిదు క్షణాలు తిప్పి మింగండి. ముక్కు మూసి ఉన్నంతసేపూ తెలిసేది నాలుక రుచులే: పులుపు, తీపి, చేదు, ఉప్పు, వాటితో పాటు వగరు, బుడగల గుచ్చుకోవడం. తర్వాత ముక్కు వదిలి ఊపిరి బయటికి తియ్యండి. ఒక్కసారిగా పండు విచ్చుకుంటే అది వాసనగా నిలబడ్డ పండు. ఏమీ మారకపోతే ఇందాకటినుంచి మీరు పండు అనుకుంటున్నది తీపీ పులుపూ కలిసిన భ్రమ. ఫ్రూటెడ్ సవర్ విషయంలో ఇంతకంటే నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు.

పులుపులోనూ తేడాలు పట్టుకోవాలి. లాక్టిక్ ఆమ్లం గుండ్రంగా, పెరుగు పులుపులా, నాలుక మధ్యన కుదురుకుంటుంది. సిట్రిక్ చురుక్కుమని వచ్చి త్వరగా పోతుంది. ప్యాషన్ ఫ్రూట్, రాస్‌ప్‌బెర్రీ, మామిడి తెచ్చేది ప్రధానంగా దీన్నే. చెర్రీ, యాప్రికాట్‌లలోని మాలిక్ ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఎసిటిక్, అంటే వెనిగర్, గొంతులో మంటగా దిగుతుంది, ముక్కుకి కూడా తెలుస్తుంది. ఫ్రూటెడ్ సవర్‌లో అది లీలగా ఉంటే సరే, గొంతు గీరుకుంటే లోపం. ఇక్కడ పీహెచ్ అంకెని మాత్రమే నమ్ముకోవడం కూడా పొరపాటు. రెండు బీర్లకీ పీహెచ్ 3.3 ఉన్నా, ఒకదానిలో లీటరుకి 5 గ్రాముల ఆమ్లం, ఇంకోదానిలో 9 గ్రాములు ఉండొచ్చు. రెండోదే నోటికి ఎక్కువ పులుపు, ఎక్కువసేపు పులుపు. పండు వేశాక పీహెచ్ పెద్దగా కదలకపోయినా బీరు మరింత పులుపెక్కినట్టు అనిపించడానికి కారణం ఇదే.

అనుమానం వస్తే తేల్చుకోవడానికి రెండు చిన్న ప్రయోగాలున్నాయి. మొదటిది గ్యాస్ తీసెయ్యడం. 50 మిల్లీలీటర్లని రెండు గ్లాసుల మధ్య ఇరవైసార్లు అటూ ఇటూ పోస్తే బుడగ చాలావరకు పోతుంది. కార్బన్ డయాక్సైడ్ తనవంతు కొరుకుడు కలుపుతుంది కనక, అది పోయాక మిగిలినదే అసలు పులుపు. చప్పబడ్డాక కూడా తాగాలనిపిస్తే ఆ బీరు అమరిక బాగున్నట్టే. రెండోది చక్కెర పరీక్ష. అలాగే గ్యాస్ తీసిన బీరు 100 మిల్లీలీటర్లలో 2 గ్రాముల చక్కెర, అంటే అర టీస్పూను, కరిగించి, కలపనిదాంతో పోల్చండి. కలిపినదాంట్లో పండు అమాంతం పెరిగినట్టు అనిపిస్తుంది. వాసన పదార్థం ఒక్క అణువు కూడా చేరలేదని మీకు తెలుసు. అయినా మెదడు "పండు ఎక్కువైంది" అంటుంది. తీపి ఇంత సులువుగా మనల్ని ఒప్పించగలదని ఒకసారి నాలుకతో చూశాక, "పండ్ల రసంలా ఉంది" అన్న మెచ్చుకోలు విలువ ఎంతో అర్థమవుతుంది.

లోపాల్లో ఒకదాని దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే దాన్ని పట్టుకోలేక మంచి రుచిగాళ్లు కూడా మోసపోతారు. దాని పేరు టెట్రాహైడ్రోపిరిడిన్, పొట్టిగా టీహెచ్‌పీ. గ్లాసులో ముక్కు పెట్టి ఎంత పీల్చినా దొరకదు. నోట్లో ఉన్నప్పుడూ దొరకదు. మింగిన పది నుంచి ముప్ఫై సెకన్ల తర్వాత, నాలుక వెనకనుంచి పాత బిస్కెట్ల డబ్బా వాసన, పొట్టు వాసన, మరీ ఎక్కువైతే ఎలుకల గూడు వాసన మెల్లగా పైకి వస్తుంది. ఆమ్లంలో ఉన్నంతసేపూ అది ఆవిరి కాలేదు. లాలాజలం పీహెచ్‌ని పైకి లేపాక ఆవిరై ముక్కుకి ఎక్కుతుంది. అందుకే గుక్క వెంట గుక్క తాగేవాళ్లకి అది కనిపించదు. కొందరి ముక్కుకైతే అది అసలు తెలియనే తెలియదు. అనుమానంగా ఉంటే ఒక చుక్క ముంజేతి వెనక రుద్ది పది సెకన్లాగి వాసన చూడండి. లేదా కొద్ది బీరులో చిటికెడు వంటసోడా వేసి పొంగు తగ్గాక పీల్చండి. బ్రెటనోమైసిస్, లాక్టోబాసిల్లస్ రెండూ దీన్ని చెయ్యగలవు. సీసాల్లో నింపేటప్పుడు గాలి తగలడం దీనికి ప్రధాన కారణం. కొన్ని నెలలు పడుకోబెడితే చాలాసార్లు పోతుంది. కాబట్టి గుక్కకీ గుక్కకీ మధ్య కనీసం అర నిమిషం ఎడం ఉండాలన్నది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు.

మిగతావి తొందరగా పట్టుబడతాయి. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం వాసన వస్తే ఇథైల్ ఎసిటేట్. వెన్న వాసనా నోట్లో జారుడూ ఉంటే డయాసిటిల్. తడి అట్టపెట్టె వాసన అయితే ఆక్సీకరణ. ఉడికిన మొక్కజొన్న వాసన ఉంటే వర్ట్ సరిగా మరగలేదు. వగరు మాత్రం అన్నిసార్లూ లోపం కాదు. తొక్కలూ గింజలూ ఇచ్చే కాస్త వగరు, తీపి లేని బీరుకి వెన్నెముక. సవర్లలో హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) చేదు ఎలాగూ ఉండదు, ఎక్కువ హాప్స్ ఉంటే లాక్టోబాసిల్లస్ పనిచెయ్యదు. చేదు లేనిచోట పులుపుని ఆపి పట్టేది ధాన్యపు ఒళ్లూ ఈ వగరే. గోధుమో ఓట్సో తగినంత లేక, పండు నీళ్లతో పలచబడిన బీరులో పులుపు ఒంటరిగా మిగులుతుంది. "మరీ పుల్లగా ఉంది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి నా లెక్కలో కారణం ఆమ్లం ఎక్కువవడం కాదు, కింద బీరు లేకపోవడం.

ఇదే కొలతతో స్మూదీ సవర్ల గురించి కూడా చెప్పాలి. పులిసిన బీరులో పచ్చి గుజ్జుని ఆఖర్న కలిపి, కొన్నిట్లో లాక్టోజ్ (పాల చక్కెర), వనిల్లా కూడా వేసి, పులియనివ్వకుండా డబ్బాకెత్తే రకం ఇది. తాగడానికి ఇంపుగా ఉండొచ్చు, ఎవరి ఇష్టం వారిది. కానీ బీరుగా మార్కులు వేయమంటే నేను తగ్గించే వేస్తాను. పులియని పండులో బ్రూవరు చేసిన పని ఏదీ లేదు. చక్కెర పరీక్షలో చూసిన భ్రమని డబ్బాలో పెట్టి అమ్మినట్టే. పైగా ప్రమాదం ఉంది. లీటరు బీరులో ప్రతి 4 గ్రాముల చక్కెరా పులిస్తే సుమారు లీటరు గ్యాస్ పుడుతుంది. డబ్బాలో అప్పటికే లీటరుకి రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉంటుంది. పాశ్చరైజ్ చెయ్యని డబ్బాలో 20 గ్రాముల చక్కెర మిగిలి, బయట వెచ్చగా ఉంటే, ఇంకో అయిదు లీటర్లు చేరతాయి. డబ్బా ఉబ్బుతుంది, పగులుతుంది. ఇలాంటివి కొన్న క్షణం నుంచి తెరిచేదాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి. అంచులు ఉబ్బినదాన్ని తెరవకుండా, ముఖానికి దూరంగా పట్టుకుని, చల్లగానే బయట పారెయ్యాలి.

ఒకే సిట్టింగులో చాలా రుచి చూడాలనుకుంటే నాలుగైదుకి మించకండి, ఆ తర్వాత నాలుక చెప్పేదాన్ని నమ్మలేం. తక్కువ పులుపు నుంచి ఎక్కువ పులుపుకి, తీపి లేనివాటి నుంచి తీపివాటికి వెళ్లాలి. స్మూదీ రకం ముందు తాగితే తర్వాత వచ్చే క్రీక్ అన్యాయంగా చేదెక్కి, ఎండిపోయినట్టు అనిపిస్తుంది. ఉప్పు వేసే గోజా అనే సవర్ రకాన్ని మధ్యలో పెట్టండి, ఉప్పు తర్వాతి బీరులో పండుని పైకి లేపి చూపిస్తుంది కాబట్టి దాని తర్వాత నీళ్లు తాగి అయిదు నిమిషాలు ఆగాలి. మధ్యమధ్యలో ఉత్త బ్రెడ్డు, మామూలు నీళ్లు చాలు. సోడా నీళ్లు వద్దు, అందులోనూ ఆమ్లమే. ప్రతి బీరుకీ మొదట రాసిన మాట పక్కన, గ్లాసు వేడెక్కాక రాసిన మాట కూడా ఉండాలి, మార్కు రెండో మాటకే వెయ్యాలి. అంతా అయ్యాక నీళ్లు పుక్కిలించి ఊసెయ్యండి, పళ్లు మాత్రం వెంటనే తోముకోవద్దు. 5.5 పీహెచ్ కిందికి దిగినప్పుడు పంటి ఎనామిల్ మెత్తబడుతుంది, ఆ స్థితిలో బ్రష్ గీరితే అరుగుతుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి.